ఊకదంపుడు యంత్రం

వడ్లు దంచితే బియ్యం వస్తాయి, తవుడు వస్తుంది, ఊక వస్తుంది. బియ్యం కుండలోకి, తవుడు పశువుల కుడితిలోకి, ఊక పొయ్యిలోకి పోతాయి. మరి మిగిలిన ఊకనే మళ్ళీ రోట్లో పోసి దంచితే? రోకలి అలాగే లేస్తుంది, అలాగే పడుతుంది. చప్పుడుంటుంది, చెమటా కారుతుంది. వీధిన పోయేవాళ్ళు లోపల ఏదో పెద్ద పనే జరుగుతోందనుకుంటారు. చేటలోకి మాత్రం ఒక్క గింజ రాదు. వరి తిని బతికే జాతి కనుక మనకు 'ఊకదంపుడు' అనే చక్కని మాట దక్కింది. వేదిక మీద ఎవరైనా గంటసేపు ఏమీ చెప్పకుండా మాట్లాడితే ఆ మాట వెంటనే మన నోట వస్తుంది. అదే సరుకు ఆఫీసు కాగితం మీద అచ్చయి వచ్చినప్పుడు మాత్రం ఎందుకో గౌరవంగా మడిచి ఫైల్లో పెడతాం.

ఈ ఆఫీసు ఊకను మనిషి చెయ్యి పడకుండా దంచిపెట్టే సరదా ప్రోగ్రాములు కంప్యూటర్లలో ఉన్నాయి. మీట నొక్కితే చాలు, గంభీరమైన పదబంధం ఒకటి బయట పడుతుంది. మళ్ళీ నొక్కితే ఇంకొకటి. దేనికీ అర్థం ఉండదు, అన్నిటికీ దర్జా ఉంటుంది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో, తెలుగులో మనమే ఒకటి కాగితం మీద ఎలా కట్టుకోవచ్చో చెప్పడం ఈ వ్యాసం మొదటి పని. నవ్వులాటగా పుట్టిన ఈ పరికరం మంచి జల్లెడ కూడా అని చూపించడం రెండవ పని. నా ఉద్దేశంలో రెండవదే అసలు పని.

మూడంకెల మహిమ

ఈ ఆటను లోకానికి పరిచయం చేసినవాడు కవీ కాదు, హాస్య రచయితా కాదు. అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన ఫిలిప్ బ్రాటన్ అనే ఉద్యోగి. సర్కారు కాగితాల మధ్య ఏళ్ళ తరబడి బతికినవాడు. ఆయన ముప్పై మాటలు తీసుకుని, పదేసి చొప్పున మూడు నిలువు వరుసలుగా పేర్చాడు. ప్రతి మాటకూ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె ఇచ్చాడు. మనసుకు తోచిన మూడంకెల సంఖ్య అనుకుని, ఒక్కో వరుసలోంచి ఆ అంకెకు ఎదురుగా ఉన్న మాటను తీసి కలిపితే పదబంధం సిద్ధం. దాన్ని ఏ నివేదికలో ఇరికించినా అతుకుతుంది, ఎవరూ అర్థం అడగరు. అడిగితే తమకు తెలియదని బయటపడుతుంది కదా! 1968లో న్యూస్‌వీక్ పత్రిక దీన్ని ప్రకటించాక ఆ పట్టిక దేశదేశాల ఆఫీసుల్లో చేతులు మారింది.

అదే పద్ధతిలో తెలుగు పట్టిక ఒకటి నేను తయారుచేశాను. మాటలన్నీ మీరు ఎరిగినవే.

0. సమగ్ర – అభివృద్ధి – ప్రణాళిక
1. సమన్విత – పర్యవేక్షణ – కార్యాచరణ
2. సుస్థిర – వనరుల – యంత్రాంగం
3. బహుముఖ – భాగస్వామ్య – వ్యూహం
4. దశలవారీ – సామర్థ్య – ప్రక్రియ
5. క్షేత్రస్థాయి – విధాన – వ్యవస్థ
6. పారదర్శక – సేవా – దృక్పథం
7. సమ్మిళిత – నాణ్యతా – చట్రం
8. వికేంద్రీకృత – సాంకేతిక – సమీక్ష
9. వినూత్న – ఫలితాల – వేదిక

మీ హాల్‌టికెట్టు నంబరులో చివరి మూడంకెలు తీసుకోండి. 257 అనుకుందాం. మొదటి వరుసలో 2, రెండవ దాంట్లో 5, మూడవ దాంట్లో 7. 'సుస్థిర విధాన చట్రం.' వినడానికి ఎంత నిండుగా ఉంది! 723 అయితే 'సమ్మిళిత వనరుల వ్యూహం.' 366 అయితే 'బహుముఖ సేవా దృక్పథం.' ఈ చివరిదాన్ని ఎక్కడో సన్మానపత్రంలో చదివినట్లే ఉందని మా మిత్రుడు ఒకరన్నారు. ముప్పై మాటలతో వెయ్యి పదబంధాలు. పెట్టుబడి తక్కువ, రాబడి ఎక్కువ.

పాచికలు వేసే లెక్క

కాగితం మీద ఆడేటప్పుడు సంఖ్యను మనం అనుకుంటాం. కంప్యూటరు ఏమనుకుంటుంది? దానికి మనసు లేదు, పాచికలు వేయడానికి చేతులూ లేవు. అది చేసేది వట్టి లెక్క. లెక్కతో వచ్చేది నిజంగా యాదృచ్ఛికం కాదు, యాదృచ్ఛికంలా కనిపించేది మాత్రమే. పద్ధతి ఇంటర్మీడియట్ కుర్రవాళ్ళు కూడా చేయగలిగినదే. ఒక సంఖ్యతో మొదలుపెట్టి, దాన్ని ఒక స్థిరాంకంతో గుణించి, మరొకటి కలిపి, చివరి మూడంకెలే ఉంచుకోవాలి. వచ్చినదానితో మళ్ళీ అదే చేయాలి.

గుణకం 21, కలిపేది 7 అనుకుందాం. 257ను 21తో గుణిస్తే 5397. ఏడు కలిపితే 5404. చివరి మూడంకెలు 404. మళ్ళీ చేస్తే 8491, అంటే 491. ఆ పైన 318. ఆ పైన 685. చూడబోతే తలాతోకా లేని సంఖ్యలు. కాని ఈ గొలుసు వెయ్యి సంఖ్యలనూ ఒక్కొక్కసారి మాత్రమే తాకి, తిరిగి 257 దగ్గరకే వస్తుంది. ఒక్కటీ వదలదు, ఒక్కటీ రెండుసార్లు రాదు. 21కి బదులు ఇష్టం వచ్చిన గుణకం వేస్తే ఇలా జరగదు, గొలుసు మధ్యలోనే చుట్టుకుపోవచ్చు. మూడు షరతులున్నాయి: గుణకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 2తోనూ 5తోనూ భాగింపబడాలి. వెయ్యిని 4 భాగిస్తుంది కనుక 4తోనూ భాగింపబడాలి. కలిపే సంఖ్యకు వెయ్యితో ఉమ్మడి భాజకం ఉండకూడదు. 20, 7 ఈ షరతులకు సరిపోయాయి. గణితం మిత్రులు నిరూపణ ప్రయత్నించవచ్చు.

ఈ చిన్న గొలుసుకు ఒక లోపం కూడా ఉంది. చివరి అంకెలు చూడండి: 7, 4, 1, 8, 5... ప్రతిసారీ ఏడు కలుస్తోంది, అంతే. అందుకే కంప్యూటర్లు ఇంతకన్నా పెద్ద సంఖ్యలతో, ఇంతకన్నా మెలికల పద్ధతులతో పని చేస్తాయి. మన ఆటకు ఇది చాలు.

ఇప్పుడు 404, 318, 685 తీసుకుని ఒక వాక్యపు అచ్చులో పోద్దాం: "దశలవారీ అభివృద్ధి ప్రక్రియలో భాగంగా బహుముఖ పర్యవేక్షణ సమీక్షను చేపట్టి, తద్వారా పారదర్శక సాంకేతిక వ్యవస్థ దిశగా అడుగులు వేయడం జరుగుతున్నది."

బాగుంది కదా! ఇప్పుడు మూడు ముక్కలనూ తారుమారు చేద్దాం: "పారదర్శక సాంకేతిక వ్యవస్థలో భాగంగా దశలవారీ అభివృద్ధి ప్రక్రియను చేపట్టి, తద్వారా బహుముఖ పర్యవేక్షణ సమీక్ష దిశగా అడుగులు వేయడం జరుగుతున్నది."

ఇదీ అంతే బాగుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈ ఒక్క అచ్చులో పోయగల వాక్యాలు వెయ్యి సార్లు వెయ్యి సార్లు వెయ్యి, అంటే వంద కోట్లు. రోజుకు వెయ్యి చొప్పున చదువుతూ కూర్చున్నా 2,700 ఏళ్ళు పైన పడుతుంది. చదవడం అయ్యాక మనకు తెలిసేదెంత? సున్నా.

క్లాడ్ షానన్ అనే గణితవేత్త 1948లో సమాచారాన్ని కొలిచే పద్ధతి చూపించాడు. ఎన్నిటిలోంచి ఒకదాన్ని ఎంచుకున్నామన్నదే ఆ కొలతకు మూలం. ఆయన లెక్కన మన పదబంధంలో ఉన్నది మూడంకెల సమాచారమే. 'సుస్థిర విధాన చట్రం' అన్నా '257' అన్నా ఒకటే. 257 అనేస్తే కాగితం కూడా మిగులుతుంది.

పూర్వులూ వారసులూ

మాటలను యంత్రంతో కలపాలన్న ఊహ కొత్తది కాదు. 1726లో అచ్చయిన గలివర్ యాత్రల్లో స్విఫ్ట్ లగాడో అనే ఊరి విద్యాపీఠాన్ని వర్ణించాడు. అక్కడ ఒక పెద్ద చట్రానికి మాటలు రాసిన చెక్కముక్కలు గుచ్చి, శిష్యుల చేత పిడులు తిప్పించి, ఏ చదువూ లేకుండానే గ్రంథాలు రాయవచ్చంటాడు ఒక ఆచార్యుడు. వెక్కిరింపుగా రాసినదే కావచ్చు, యంత్రం నమూనా మాత్రం సరిగ్గా కుదిరింది. 1952లో క్రిస్టఫర్ స్ట్రాచీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మాంచెస్టరు విశ్వవిద్యాలయం కంప్యూటరు చేత ప్రేమలేఖలు రాయించాడు. విశేషణాలు, నామవాచకాలు, క్రియలు పట్టీలుగా ఇచ్చి, ఏది ఎక్కడ పడాలో అచ్చు ఒకటి చెప్పాడు. ప్రేమలేఖ అయితేనేం, సర్క్యులర్ అయితేనేం, చట్రం ఒకటే!

1996లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బుల్హాక్ అనే ఆయన సాహిత్య సిద్ధాంత వ్యాసాలను పోలిన వ్యాసాలు అల్లే ప్రోగ్రాము తయారుచేశాడు. దాంట్లో పట్టీలకు బదులు వ్యాకరణ సూత్రాలున్నాయి. వాక్యం అంటే ఫలానా ఫలానా భాగాలు, ఆ భాగం అంటే మళ్ళీ ఫలానా ముక్కలు, అని ఒకదానిలోంచి ఒకటి విచ్చుకుంటూ పోతుంది. 2005లో అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు ముగ్గురు ఇదే పద్ధతిలో కంప్యూటరు శాస్త్ర పరిశోధన వ్యాసాలు అల్లే 'సైజెన్' అనే ప్రోగ్రాము రాశారు. అది అల్లిన వ్యాసాన్ని ఒక సదస్సుకు పంపితే, నిపుణుల పరిశీలన లేకుండానే అంగీకరించారు. అది కొంటె విద్యార్థుల పరిహాసం. 2014 నాటికి పరిహాసం ముదిరింది. సైజెన్ అల్లిన వ్యాసాలు నిజమైన ప్రచురణల్లో దూరాయని సిరిల్ లాబే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పట్టుకుంటే, పేరున్న ప్రచురణ సంస్థలు రెండు కలిసి నూట ఇరవైకి పైగా వ్యాసాలు వెనక్కి తీసుకోవలసివచ్చింది. ఊకను బియ్యం బస్తాలో కలిపి అమ్మితే కొన్నవాడు చాలాకాలం గమనించలేదన్నమాట.

ఇవాళ్టి కృత్రిమ మేధ యంత్రాలు ఇంకో మెట్టు పైన ఉన్నాయి. అవి పాచికలు గుడ్డిగా వేయవు. కోట్ల పుటలు చదివి, ఏ మాట తరవాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుని అల్లుతాయి. కనుక వాటి ఊక మరింత మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మనం వడ్లు పోస్తే బియ్యమూ ఇస్తాయి. పోసిందేమిటో, వచ్చిందేమిటో చూసుకోవలసిన బాధ్యత మాత్రం మనదే.

తెలుగు ఎదురు తిరిగే చోటు

బ్రాటన్ పట్టికను తెలుగులోకి దించేటప్పుడు నాకొక సంగతి తట్టింది. పై ముప్పై మాటల్లో చాలావరకు సంస్కృతమే. నేను కావాలని చేసింది కాదు. సంస్కృత పదాలు సమాసంగా అతుక్కుంటాయి. మధ్యలో విభక్తి అక్కర్లేదు. రెండవ వరుసలో 'వనరుల', 'ఫలితాల' అన్న రెంటికే సంబంధం చెప్పే జాడ ఉంది. మిగిలినవి రైలుపెట్టెల్లా ఎటునుంచి ఎటైనా తగులుకుంటాయి. వాడుక తెలుగు అలా ఊరుకోదు. 'తూము' అన్నామంటే తూముకా, తూములోనా, తూముతోనా అని అడుగుతుంది. 'ఇవ్వు' అన్నామంటే ఎవరికి, ఏమిటి అని నిలదీస్తుంది. అందుకే అచ్చ తెలుగు మాటలతో ఈ యంత్రం కట్టబోతే ప్రతి మలుపులోనూ ఇరుక్కుంటుంది. మూడవ వరుసలో నాలుగు మాటలు సున్నతో, ఆరు అచ్చుతో ముగుస్తాయి. 'వ్యూహాన్ని' అనాలి, 'వ్యవస్థను' అనాలి. ఆ పాటి తేడా నేర్పడానికే ప్రోగ్రాములో అదనపు సూత్రం రాయాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది క్రియ. తెలుగు క్రియ ఎంత నిజాయితీపరురాలంటే, చేసినవాడి పేరు మనం దాచినా అది దాచదు. చేశాను, చేశావు, చేశాడు, చేసింది, చేశాం, చేశారు. తోకలో కర్త కూర్చుని ఉంటాడు. ఆఫీసు తెలుగు మొట్టమొదట చేసే పని ఆ తోక కత్తిరించడం. 'చేయడమైనది', 'కోరడమైనది', 'తెలియజేయడమైనది', 'నిర్ణయించబడినది', 'వేయడం జరుగుతున్నది'. ఎవరు చేశారు? తెలియదు. పని దానంతట అదే అయిపోయింది, వాన కురిసినట్లు. 'అర్జీ తిరస్కరించాను' అని రాసినవాడిని రేపు ఎందుకని అడగవచ్చు. 'అర్జీ తిరస్కరించబడినది' అంటే ఎవరిని పట్టుకుంటారు?

గుమాస్తాగారిని నిందించడం నా ఉద్దేశం కాదు. తనకు నిర్ణయించే అధికారం లేనిచోట, నిర్ణయం బాధ్యత తన మీద పడకుండా చూసుకోవడం మనిషి లక్షణం. పైగా కొన్ని కట్టుడు మాటలకు ఉపయోగమూ ఉంది. 'తగు చర్య నిమిత్తం ఫలానా వారికి పంపడమైనది' అంటే కాగితం ఎక్కడికి వెళ్ళిందో తెలుస్తుంది, మనం అక్కడికి పోయి అడగవచ్చు. 'ఫలానా వారికి' అన్నది ఎగిరిపోయి 'తగు చర్య' ఒక్కటే మిగిలినప్పుడే వస్తుంది తంటా.

కష్టమైన మాట వేరు, ఊక మాట వేరు

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తొలగించాలి. అర్థంకాని మాటలన్నీ ఊక కావు. రెవెన్యూ కాగితాల్లో అడంగల్, జమాబందీ, పట్టా, ఫసలీ అనే మాటలున్నాయి. వాటిలో కొన్ని అరబ్బీ పారశీకాల నుంచి వచ్చాయి. కొత్తవాడికి తల తిరుగుతుంది. కాని ఒక్కొక్కటీ ఒక్కొక్క వస్తువును వేలుపెట్టి చూపిస్తుంది. ఫసలీ 1390 అంటే 1980 జులై నుంచి 1981 జూన్ దాకా. ఒక్కరోజు అటూ ఇటూ జరగదు. అడంగల్‌కు బదులు పట్టా అని రాస్తే కోర్టులో వ్యాజ్యమే తారుమారవుతుంది. మాట మారిస్తే అర్థం మారుతోంది కనుక అది గింజ ఉన్న మాట.

మన కోనసీమ భాషనే తీసుకోండి. గౌతమికీ వశిష్ఠకూ నడుమ బతుకుతున్నవాళ్ళం. పాయ వేరు, కాలువ వేరు, బోదె వేరు. లాకు వేరు, తూము వేరు. సార్వా అనవలసినచోట దాళ్వా అంటే చంటిపిల్లాడు కూడా నవ్వుతాడు. అంబాజీపేట కొబ్బరి బజారులో బొండానికీ కురిడీకీ తేడా తెలియనివాడు బేరానికి దిగితే ఇల్లు గుల్లే. ఈ మాటలను మన మూడు వరుసల పట్టికలో పెట్టి తిప్పి చూడండి. 'దాళ్వా లాకు కురిడీ' అని వస్తుంది. వినగానే తప్పని తెలిసిపోతుంది. పనిలో పుట్టిన మాటకు ఆ గుణం ఉంది, అది అబద్ధాన్ని మొయ్యలేదు. ఇలాంటి మాటలను ఊరూరా తిరిగి పోగుచేసే పనిని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేపట్టారు. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వెలువడింది. చేనేత మీద రెండవది 1971లో వచ్చింది. పరిభాష అంటే ఎలా ఉండాలో తెలుసుకోవాలనుకునే విద్యార్థి ఆ సంపుటాలు ఒకసారి తిరగవేయాలి.

ఇంగ్లీషు మాటయినా సరే, గింజ ఉంటే ఉన్నట్లే. 2011 సార్వాలో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా 'క్రాప్ హాలిడే' ప్రకటించారు. సెలవు అనేది ఆఫీసువాళ్ళ మాట. దాన్ని రైతు ఎత్తుకొచ్చి పొలానికి తగిలించాడు. రెండే మాటలు, అర్థం కానివాడు లేడు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేయవలసివచ్చింది. 'వ్యవసాయ రంగ సమస్యలపై సమగ్ర దృక్పథం అవసరం' అని తీర్మానం చేసి ఊరుకుంటే అది ఏ ఫైల్లో నిద్రపోయేదో!

గోదావరి ఒప్పుకోదు

ఈ విషయం సరదాతో ఆగదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండవది. 17.75 అయితే మూడవది. ప్రవాహం లెక్కలో చెప్పాలంటే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. లంకల్లో బడికి పోనివాళ్ళకు కూడా ఈ అంకెల అర్థం తెలుసు. రెండవ హెచ్చరిక అనగానే ఏ వీధిలోకి నీరొస్తుందో, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో ఎవరి లెక్క వారికి ఉంటుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసిన పెద్దలు, 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు ఆ అంకెను పట్టుకునే పోల్చి చెప్పగలిగారు. తుఫాను వేళ రేవుల్లో ఎగరేసే ఒకటి నుంచి పదకొండు దాకా సూచికలూ ఇలాంటివే. మూడో నంబరు అంటే ఒక అర్థం, పదో నంబరు అంటే మరో అర్థం.

ఇప్పుడు ఆ అంకె తీసేసి, మన యంత్రంలోంచి ఒక వాక్యం పంపామనుకోండి: 'వరద పరిస్థితుల దృష్ట్యా సమన్విత పర్యవేక్షణ కార్యాచరణ చేపట్టడమైనది. ప్రజలు తగు జాగ్రత్తలు తీసుకోవలసినదిగా కోరడమైనది.' లంకలో ఉన్న ముసలమ్మ ఏం చేయాలి? గేదెను విప్పాలా, కట్టే ఉంచాలా? పడవ రాత్రికి వస్తుందా, రేపు వస్తుందా? అక్కడా మూడంకెలే, ఇక్కడా అంకెలే. 111 అని రాస్తే 'సమన్విత పర్యవేక్షణ కార్యాచరణ' వస్తుంది. 13.75 అని రాస్తే ప్రాణం దక్కుతుంది.

చట్టాలు వచ్చాయి, మరి మాటలు?

ప్రజల పాలన ప్రజల భాషలో సాగాలని మన పెద్దలు తక్కువ కష్టపడలేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. ఖద్దరు కట్టి ఊరూరా తిరిగిన మనిషి ఆయన. రైతు తన కాగితం తాను చదువుకోగలగాలన్నదే ఆ చట్టం సారం. కాని ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నపళంగా తెలుగు లిపిలోకి దించితే అది తెలుగు కాగితం కాదు. లిపి మనదైంది, గుట్టు వాళ్ళదే మిగిలింది. ఇదివరకు రైతు ఇంగ్లీషు రాదు కనుక అర్థం కాలేదనుకునేవాడు. ఇప్పుడు తెలుగే వచ్చు, అయినా అర్థం కాదు. తప్పు తనదేనేమో అనుకుంటాడు. రెండోది ఎక్కువ అన్యాయం.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ విషయంలో వ్యాకరణం తెలిసిన చట్టమని నేనంటాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి అంది. ఇవ్వనంటే కారణం రాయాలి, ఎన్నాళ్ళలో ఎవరికి అప్పీలు చేసుకోవచ్చో కూడా రాయాలి అంది. అంటే ఆఫీసు తెలుగు కత్తిరించిన తోకను మళ్ళీ అతికించమంది. ఎవరు, ఎప్పటిలోగా, ఎందుకు. ఈ మూడూ ఉన్న వాక్యాన్ని ఏ పాచికలూ అల్లలేవు.

ఇంటికో జల్లెడ

కాబట్టి మిత్రులారా, ఈ యంత్రాన్ని ఆడుకున్నాక పారేయకండి, జల్లెడగా వాడండి. ఏ కాగితం చేతికొచ్చినా మూడు పరీక్షలు పెట్టవచ్చు.

ఒకటి, మార్పిడి పరీక్ష. వాక్యంలో గొప్ప మాట తీసి పక్కనున్న ఇంకో గొప్ప మాట పెట్టండి. అర్థం మారకపోతే రెంటికీ అర్థం లేదన్నమాట.

రెండు, తిరగేసే పరీక్ష. 'పారదర్శక విధానం పాటిస్తాం' అన్నారనుకోండి. 'దొంగచాటు విధానం పాటిస్తాం' అని ఎవరైనా ప్రకటిస్తారా? ఎదురుమాట ఎవరూ అనలేనిదైతే అసలు మాటకు విలువ లేదు. 'ఈ ఏడాది ఫీజు పెంచం' అనే మాటకు ఎదురుమాట ఉంది, కనుక దానికి విలువ ఉంది.

మూడు, కర్త పరీక్ష. 'ఎవరు?' అని అడగండి. జవాబు వాక్యంలో ఉండాలి.

ఈ జల్లెడను ముందుగా మన కాగితాల మీదే పట్టాలి. ఆఫీసులను ఎగతాళి చేసి మన విద్యార్థి సంఘాల విజ్ఞాపన పత్రాలను వదిలేస్తే అది న్యాయం కాదు. ఉదాహరణకు బస్సు కోసం ఒక పత్రం రాస్తున్నామనుకుందాం. 'విద్యార్థినీ విద్యార్థుల రవాణా అవసరాల దృష్ట్యా సమగ్ర ప్రయాణ సౌకర్యాల మెరుగుదలకై సత్వరమే తగు చర్యలు గైకొనవలసినదిగా డిమాండు చేస్తున్నాము.' నినాదంలా మోగుతుంది. దీనికి రాగల జవాబు కూడా మనకు తెలుసు: 'పరిశీలనలో ఉన్నది.' ఊకకు ఊక సరిపోయింది.

దానికి బదులు ఇలా రాస్తే? 'కొత్తపేట నుంచి ఉదయం 8 గంటలకు బయలుదేరే బస్సు మధ్యలోనే నిండిపోతోంది. దారిలో ఉన్న మూడు ఊళ్ళ పిల్లలు మొదటి పీరియడు పోగొట్టుకుంటున్నారు. 8.20కి ఇంకో బస్సు వేయండి. వేయగలరో లేదో ఈ నెలాఖరులోగా డిపో మేనేజరుగారు మాకు రాతపూర్వకంగా చెప్పాలి.' దీనికి 'పరిశీలనలో ఉన్నది' అని రాయడం కష్టం. వేశామనాలి, లేదా ఇందువల్ల వేయలేమనాలి. ఏదైనా సరే మన అడుగు ముందుకు పడుతుంది. ఇలా రాయడానికి మనం కూడా కాస్త శ్రమపడాలి. బస్సు ఎప్పుడు నిండుతోందో, ఏ ఊళ్ళ పిల్లలు ఆగిపోతున్నారో నాలుగు రోజులు నిలబడి చూడాలి. ఊక సులువుగా వస్తుంది, గింజకు సేద్యం చేయాలి. అంత సేద్యం చేయనివాడే సమాసాల వెనక దాక్కుంటాడు. ఈ మాట ఆఫీసుకెంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది.

పట్టభద్రులై రేపు మీలో కొందరు బ్యాంకుల్లో, సచివాలయాల్లో, కంపెనీల్లో కుర్చీలెక్కుతారు. మొదటి వారంలోనే పాత ఫైలొకటి ముందు పెట్టి, 'ఇందులో ఉన్నట్లే రాయి బాబూ' అని పైవారు చెబుతారు. అప్పుడు పై పట్టిక ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీరు రాయబోయే వాక్యం దాంట్లోంచి వచ్చేదైతే, ఆ పని మీరు చేయనక్కర్లేదు. 21తో గుణించి, 7 కలిపి, చివరి మూడంకెలు ఉంచుకుంటే చాలు. మీకు జీతం ఇచ్చేది పట్టికలో లేని వాక్యం రాయడానికి.